కరాబైన కాగితం

దేవరకొండల తాసిల్ ఆఫీసు ముందట
నాది జిరాక్స్ దుకాణం.
కాగితానికి రెండ్రూపాలు, ముందటెనక అయితే మూడు.
పదకొండేండ్ల సంది ఈ అద్దం మీద
ఎంతమంది మొఖాలు బోర్ల పండుకున్నయో
నాకు తెల్వదు, మిషన్‌కు తెలుసు.

మిషన్ పాతది. ఎండకాలం దానికి గూడ దూపైతది.
పదిట్ల ఒకటి నల్లగ గొడ్తది, ఒకటి వంకర గుంజుతది.
కరాబైనయి కింద గంపల పడేస్త.
గంప నిండంగనే
మిర్చీల బండి మైసయ్య వచ్చి
కిలకు పన్నెండు లెక్కన జోకి తీస్కపోతడు.

ఇదంత ఎందుకు చెప్తున్ననంటే,
ఈదమ్మ.

చందంపేట దిక్కు ఆమె ఊరు.
కంకర కొట్టీ కొట్టీ
బొటనేలు రాయి లెక్కనే నున్నగైంది.
రేషన్ దుకాణంల మిషన్ ఆమెను గుర్తువట్టదు.
కొంగుకు తుడుస్తది, నాలిక మీద తడి చేస్తది,
కొబ్బరినూనె రాస్తది,
మెల్లగ ఒత్తుతది, గట్టిగ ఒత్తుతది.
"మల్ల పెట్టు" అంటడు డీలరు.
ఆరుపాలు పెట్టి,
"నేనే గదరా నేను" అనుకుంట
ఖాళీ సంచితోని తిరిగొస్తది.

అసొంటి ఏలు
ఒకనాడు రాత్రి
ఆమెకు పేరు గూడ నోరు తిరగని ఊర్లె
ఒక్క దెబ్బకే పడ్డది.
ఒక్క ఏలు పడ్డది, పది వేలు పోయినయి.
తెల్లారి ఇంకో పది.
మూడోనాడు ఏడు వేల రెండొందలు,
ఖాతల మిగిలినయే అన్ని.

చెల్క అమ్మిననాడు
కాగితం మీద ఒత్తిన ఏలిముద్ర,
దాని పక్కన ఆధార్ నంబరు.
అవి ఎవని చేతులకెల్లి ఎవని చేతుల్లకు పోయినయో,
రబ్బరు మీద ఆ గీతలు పోతవోసిండ్రంట.
చెల్క పోయినంకనే గద ఆమె కంకరకు పోయింది.
దొంగ దగ్గరున్నది అప్పటి ఏలు,
గీతలున్న ఏలు.
ఈదమ్మ దగ్గరున్నది ఇప్పటిది.

"నీ ఏలే గదమ్మా పడ్డది" అన్నరు బ్యాంకుల.

ఆ మాట నాకు ఎరికైన పొద్దుగూకి
మైసయ్య బండి కాడ నాలుగు మిర్చీలు కొన్న.
మూడోది తీస్తుంటె
నూనె పీల్చిన కాగితంల ఒక మొఖం లేశింది.
ఈదమ్మది కాదు. ఎవలో పడుసు పిల్లగాడు,
గదువ కాడ మసి.
పన్నెండంకెలు నూనెల ఇంకింత తేటగ కనవడ్తున్నయి.
పుట్టిన తారీఖు మీద ఉల్లిగడ్డ ముక్క.

నాలుగోది తినలే.
బండి కింది కట్ట కట్టంత
కిలకు ఇరువై పెట్టి మల్ల నేనే కొన్న.
మైసయ్య నవ్విండు.
ఆమె ఏలు నీ గంపలకెల్లి పోయిందా అని
నన్నెవలు అడగలే.
అడిగితే ఏం చెప్దునో నాకు తెల్వదు.

సోమారం ఈదమ్మ వచ్చింది.
కంప్లేంటుకు ఆధార్ రెండు సెట్లంట,
పాసుబుక్కు రెండు సెట్లంట.
"ఇంకెన్నిసార్లు ఇయ్యాలె బిడ్డా, నన్ను నేను?"

ఒక్కో కాగితం మీద అడ్డంగ
నీలం పెన్నుతోని రాశిన:
పోలీసు ఫిర్యాదు కొరకు మాత్రమే. కింద తారీఖు.
చదువుమంటె చదివి ఇనిపించిన.
ఏలుకు తాళమేయొచ్చు పెద్దమ్మా,
ముందుగాల నీ ఫోన్ నంబరు ఎక్కియ్యాలె,
ఇగ నువ్వు తీస్తెనే తెరుసుకుంటది అని చెప్పిన.

"ఏలుకు తాళమా?"
కండ్లెంట నీళ్లొచ్చేదాక నవ్వింది.
"నాకైతె ఎప్పుడో ఏశిండ్రు గద, రేషన్ దుకాణంల."

గంతల మిషన్ ఒకటి నల్లగ గొట్టింది.
అలవాటు, నా చెయ్యి గంప దిక్కే వంగింది.
ఆమె అరచెయ్యి సాపింది.
"అది గూడ ఇటియ్యి."

మసి మొఖాన్ని మడిచి, మల్ల మడిచి,
చిక్కుడుగింజంత చేసి రొండిన చెక్కుకుంది.
పైసలొద్దంటె ఇనలే.
కరాబైనదానికి గూడ లెక్కగట్టి
గల్లపెట్టె మీద పది రూపాల బిళ్ల పెట్టి,
ఎండల్నే పోలీస్ ఠాణ దిక్కు నడిశింది.